మరచెంబుకు ఒక బొమ్మ



బొమ్మలు వెయ్యడం వృత్తి కానివాళ్ళ గురించి ఈ పూట మాట్లాడతాను. ఆఫీసు నుంచి వచ్చి, ఇంటి పని ముగించుకుని, భోజనాల బల్ల మీద ఓ మూల రంగుల డబ్బా తెరిచేవాళ్ళు మన ఊళ్ళల్లో చాలామందే ఉన్నారు. రిటైరయ్యాక కుంచె పట్టినవాళ్ళున్నారు. పిల్లల్ని డ్రాయింగు క్లాసుకు దింపడానికి వెళ్ళి, పిల్లలు మానేసినా తాము మానని తల్లులున్నారు. నేనూ ఆ కోవలో మనిషినే. పగలంతా జమాఖర్చుల పద్దులు చూసే ఉద్యోగం నాది. బొమ్మలు సాయంత్రాల సంగతి, ఆదివారాల సంగతి.

ఇలాంటి మిత్రుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు గోడల మీద నాకు ఎక్కువగా కనిపించేవి మంచుకొండలు. కొండల కింద సరస్సు, సరస్సు ఒడ్డున పొగగొట్టం ఉన్న చెక్క ఇల్లు, ఇంటి చుట్టూ దేవదారు చెట్లు. అక్కడెక్కడో క్యాలెండర్లో ఉన్న దృశ్యం, ఇప్పుడైతే ఫోన్లో దొరికే దృశ్యం. చెయ్యి తిరగడానికి ఒకరి బొమ్మ చూసి వెయ్యడంలో తప్పేమీ లేదు, నేర్చుకునే రోజుల్లో అందరూ చేసే పనే అది. కానీ చెయ్యి తిరిగాక కూడా ఆ సరస్సు ఒడ్డునే ఉండిపోతే, మనకు మాత్రమే ఉన్న ఒక అవకాశాన్ని వదిలేసుకుంటున్నామని నా గట్టి నమ్మకం.

వృత్తి చిత్రకారుడికి కొనేవాళ్ళు ఉండాలి. పత్రికవాళ్ళు అడిగింది, గ్యాలరీవాళ్ళు పెట్టుకునేది, పోషకుడు మెచ్చేది ఆయన వెయ్యాలి. ఆ కట్టుబాట్ల మధ్యనే గొప్ప పనులు చేసినవాళ్ళు మనకు ఉన్నారు. సిద్దిపేట కాపు రాజయ్య గారు తెలంగాణ పల్లె జీవితాన్ని, పండగలను, పని చేసుకునే మనుషులను జీవితమంతా వేశారు. అది ఒక నేలకంతటికీ సంబంధించిన పని. మన పని అంత పెద్దది కాదు. మా అమ్మమ్మ కుంపటి బొమ్మ లోకంలో ఎవరికీ అక్కర్లేదు, మా కుటుంబంలో కొందరికి తప్ప. ఆ కొందరి కోసం దాన్ని వెయ్యగలిగిన మనిషి మా ఇంట్లో ఉండాలి, లేదా ఆ బొమ్మ ఎప్పటికీ ఉండదు. ఎవరూ అడగని బొమ్మ, ఎవరూ కొనని బొమ్మ, మనం తప్ప మరొకరు వెయ్యలేని బొమ్మ వెయ్యగలగడం మన స్వేచ్ఛ. దాన్ని మంచుకొండల మీద ఖర్చుపెట్టవద్దని ఈ ప్రసంగంలో నా మనవి.

వయసు మించిపోయిందనేవాళ్ళకు ఒక్క మాట. రవీంద్రనాథ్ ఠాగూరు బొమ్మల్లో పడింది అరవై దాటాకే. రాతప్రతుల్లో కొట్టేసిన మాటల చుట్టూ గీతలు అల్లుతూ, ఆ అల్లికలోంచి పక్షులనూ వింత జంతువులనూ తెప్పించారు. 1930లో పారిస్‌లో ఆయన బొమ్మల మొదటి ప్రదర్శన జరిగింది. కన్నుమూసే నాటికి ఆయన వేసినవి రెండు వేలు దాటాయి. ఇక మన సంజీవదేవ్ గారు. 1914లో పుట్టి 1999 దాకా జీవించారు. యౌవనంలో హిమాలయాలు తిరిగారు. కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ ఇంట అతిథిగా ఉన్నారు. తిరిగి తిరిగి గుంటూరు జిల్లా తుమ్మపూడిలో తన ఇంటికే వచ్చి స్థిరపడ్డారు. వ్యాసాలు రాశారు, లెక్కలేనన్ని ఉత్తరాలు రాశారు, వాటి మధ్యనే ప్రకృతి దృశ్యాలు వేశారు. ఒక పల్లెటూరి ఇంట్లో కూర్చుని బొమ్మలతో ఎంత నిండుగా బతకవచ్చో చూపించిన మనిషి.

సరే, పనిలోకి వద్దాం. ఇంట్లో ఏ వస్తువుతో మొదలుపెట్టాలి? నన్నడిగితే మరచెంబు.

మరచెంబు చూడని పిల్లలు కూడా వింటూ ఉండవచ్చు కనక చెబుతాను. ఇత్తడి చెంబు. గుండ్రని పొట్ట, సన్నని మెడ. మెడకు మరలు, ఆ మరల మీద తిప్పి బిగించే మూత, మూత మీద పట్టుకోడానికి ఒక పిడి. స్టేషన్లలో నీళ్ళ సీసాలు అమ్మని రోజుల్లో రైలు ప్రయాణమంటే మంచినీళ్ళు దీంట్లోనే వచ్చేవి. ఎంత కుదిపినా చుక్క కారేది కాదు. చాలా ఇళ్ళల్లో అటక మీద, పాత ట్రంకు పెట్టెల వెనక ఇప్పటికీ ఒకటి దొరుకుతుంది. చింతపండు పెట్టి తోమితే మళ్ళీ బంగారం.

దాన్ని కిటికీ పక్కన బల్ల మీద పెట్టండి. కాగితం మీద ముందు నిలువుగా ఒక మధ్యగీత గీయండి. చెంబు కుడి పక్క, ఎడమ పక్క ఆ గీతకు సమదూరంలో ఉండాలి. తరవాత మెడ దగ్గర వలయం. అది గుండ్రమని మనకు తెలుసు. కంటికి కనిపించేది మాత్రం నొక్కినట్టున్న కోల. కొత్తగా వేసేవాళ్ళ చేతిలో ఆ కోలకు రెండు చివర్లా మొనలు వస్తాయి. మొన ఎక్కడా ఉండదు. ఎంత సన్నని కోల అయినా చివర గుండ్రంగానే తిరుగుతుంది. ఇంకో సంగతి. కంటి మట్టానికి దగ్గరగా ఉన్న వలయం సన్నగా కనిపిస్తుంది, కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. అంచేత మూత అంచు కంటే చెంబు అడుగు ఎక్కువ వంపు తిరిగి ఉండాలి. చెంబు అడుగు తిన్నని బల్ల మీద ఉంది కదా అని అక్కడ తిన్నని గీత గీస్తే, చెంబును కత్తితో అడ్డంగా కోసినట్టుంటుంది. ఆ ఒక్క వంపు సరిగ్గా పడితే చాలు, చెంబు బల్ల మీద బరువుగా కూర్చుంటుంది.

ఇప్పుడు రంగు. ఇత్తడి కదా అని పసుపు పూస్తే వచ్చేది పసుప్పచ్చ ప్లాస్టిక్ చెంబు. లోహం మెరుపు రంగులో ఉండదు, వెలుగుకూ చీకటికీ మధ్య ఉన్న ఎడంలో ఉంటుంది. మట్టికుండ మీద వెలుగు మెల్లగా నీడలోకి జారుతుంది. తోమిన ఇత్తడి మీద అలా జారదు, తెగినట్టు మారుతుంది. బొమ్మ మొత్తంలో అన్నిటికన్నా తెల్లని మచ్చ పక్కనే అన్నిటికన్నా నల్లని గీత ఒరుసుకుని ఉంటుంది. నీటిరంగుల్లో తెలుపు వెయ్యం, కాగితాన్నే వదిలేస్తాం. కాబట్టి మొదటి కుంచె పడకముందే ఆ తెల్ల మచ్చ ఎక్కడో తేల్చుకుని పెన్సిల్‌తో సన్నగా గుర్తుపెట్టుకోవాలి. ఆ మచ్చ వదిలి, మిగతా పొట్టంతా ఎల్లో ఓకర్ పలచగా పరచండి. తడి ఆరకముందే నీడ వైపు బర్ంట్ సియెన్నా తాకించండి, రెండూ వాటంతట అవే కలుసుకుంటాయి. బాగా ఆరనివ్వండి. ఆ తరవాత బర్ంట్ అంబర్‌లో అల్ట్రామెరీన్ నీలం కలిపితే చిక్కటి నలుపు వస్తుంది. ట్యూబులో వచ్చే నలుపు కంటే ఈ నలుపుకు ప్రాణం ఎక్కువ. సన్న కుంచెతో, తెల్ల మచ్చ అంచుకు ఆనించి, ఆ నలుపు గీత ఒక్కటి లాగండి. అప్పటిదాకా మట్టిలా ఉన్న చెంబు ఆ క్షణంలో ఇత్తడి అవుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం పండగే.

తీరిగ్గా చూస్తే ఆ పొట్టలో గదంతా ఉంటుంది. కిటికీ ఊచలు విల్లులా వంగి ఉంటాయి. బల్ల మీద ఎర్ర గుడ్డ పరిస్తే కింది వంపులో ఎరుపు కనిపిస్తుంది. మధ్యలో ఒక చిన్న చీకటి మచ్చ ఉంటుంది. అది బొమ్మ వేస్తున్న మనమే.

మా మరచెంబు పొట్ట దగ్గర ఒక సొట్ట ఉంది. మెడ కింద తాతగారి ఇంటిపేరు పొడక్షరాలు చెక్కి ఉన్నాయి. సొట్ట లేకుండా వేస్తే బొమ్మ అందంగా ఉంటుంది కదా అని మా పిన్ని కొడుకు అన్నాడు. సొట్ట లేని మరచెంబులు దుకాణంలో వరసగా ఉంటాయి. ఆ సొట్ట ఉన్నది మా ఇంట్లో మాత్రమే. నేను దాన్ని వేస్తుంటే మా పెద్ద మామయ్య పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాశీ వెళ్తూ రైల్లో పై బెర్తు మీంచి అది ఎలా పడిందో, ఎవరి కాలి మీద పడిందో, ఆ కాలితోనే ఆ మనిషి గంగ మెట్లు ఎలా దిగారో బొమ్మ అయ్యేదాకా చెప్పుకొచ్చారు. అన్నాళ్ళూ ఆయన ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరూ అడగలేదు మరి. వస్తువును ఫొటో తీస్తే ఒక్క క్షణంలో అయిపోతుంది. బొమ్మ వెయ్యాలంటే ఒక పూట దాని ముందు కూర్చోవాలి. ఆ పూటలో ఇంట్లో పెద్దవాళ్ళు వచ్చి మన పక్కన కూర్చుంటారు.

మరచెంబు కష్టమనిపిస్తే ఊరగాయ జాడీతో మొదలుపెట్టండి. పైన గోధుమ రంగు, కింద మీగడ తెలుపు, రెంటి మధ్య తిన్నని గీత, భుజం మీద ఒక మెరుపు. కొత్తవాళ్ళకు ఇంతకన్నా దయగల వస్తువు లేదు. స్టీలు క్యారేజీ, డవరా గ్లాసు, కాఫీ ఫిల్టర్ ఆ తరవాత. స్టీలుకు సొంత రంగంటూ లేదు. పక్కన ఏముంటే దాని రంగే. నీలం, బర్ంట్ సియెన్నా పలచగా కలిపిన బూడిద రంగుతో నిలువు చారలు వేస్తూ పోవడమే. రోకలి, తిరగలి, కవ్వం, రాచ్చిప్ప, హరికేన్ లాంతరు, ఇవన్నీ ఒక్కొక్క ఇంట్లోంచీ పాతసామాన్లవాడి బండెక్కి వెళ్ళిపోతున్నాయి. అపార్టుమెంటులో తిరగలి పెట్టుకోడానికి చోటు లేదన్నది నిజమే, దానికి ఎవరినీ తప్పుపట్టను. బండెక్కే ముందు ఒక్క పూట దాన్ని నాకివ్వమని మా బంధువులందరికీ చెప్పి ఉంచాను. ఇస్తున్నారు కూడా.

ఇంట్లో సామాను వెయ్యడం చిన్నపని అనుకునేవాళ్ళకు జార్జియో మొరాండి పేరు చెబుతాను. ఇటలీలో బొలోన్యా ఊరు ఆయనది. 1890లో పుట్టి 1964లో పోయారు. అక్కడి కళాశాలలో ఎచింగ్ నేర్పే ఉద్యోగం చేస్తూ, చెల్లెళ్ళతో కలిసి ఒకే ఇంట్లో ఉంటూ, ఆ ఇంటి గదిలో అవే సీసాలు, అవే కూజాలు, అవే డబ్బాలు మార్చి మార్చి అమర్చుకుని జీవితమంతా వేశారు. వాటిమీద దుమ్ము కూడా దులపనిచ్చేవారు కాదట. ఒక సీసా అంగుళం పక్కకు జరిగితే బొమ్మ మొత్తం మారిపోతుందని ఆయన బొమ్మలు వరసగా చూస్తే తెలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప చిత్రకారుల్లో ఒకరిగా లోకం ఆయన్ని లెక్కపెట్టింది ఆ సీసాలతోనే.

ఇక జ్ఞాపకాల దగ్గరికి వద్దాం. ఇది కష్టమైన పని. చెంబు ఎదురుగా ఉంటే మన గీతను అదే సరిదిద్దుతుంది. లేని ఇంటిని వేసేటప్పుడు సరిదిద్దే దిక్కు లేదు.

కోనసీమలో మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశం. వానొస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలో పడి తూములోంచి వీధిలోకి పోయేవి. ఇప్పుడు ఆ స్థలంలో ఆ ఇల్లు లేదు. ఫొటోలున్నాయి కానీ అన్నీ పెళ్ళి ఫొటోలు. మనుషుల వెనక ఒక స్తంభం, ఒక తలుపు చెక్క కనిపిస్తాయి, అంతే. వంటింటిని ఎవరూ ఫొటో తియ్యలేదు. నుయ్యి దగ్గర గోలెం ఎవరూ తియ్యలేదు. దొడ్లో పనసచెట్టు కింద పడుకునే ఆవును ఎవరూ తియ్యలేదు.

అలాంటప్పుడు బొమ్మతో మొదలుపెట్టకూడదు. ముందు నేలపటం గీయాలి. ఇల్లు కట్టే మేస్త్రీ నేల మీద గీసేటట్టు గదులు, గడపలు, నుయ్యి, తులసికోట, ఎటు తూర్పు. నేలపటం గీస్తుంటే ఒకటి వెంట ఒకటి గుర్తొస్తాయి. ఈ తలుపు ఎటు తెరుచుకునేది అని ఆలోచిస్తే, దాని వెనక గోడకు కొట్టిన మేకు గుర్తొస్తుంది. మేకు గుర్తొస్తే దానికి తగిలించిన తాతగారి గొడుగు వస్తుంది. తరవాత ఆ పటాన్ని చుట్టాలందరికీ పంపండి. నేను పంపితే మా ఇంట్లో పెద్ద వాదనే నడిచింది. తులసికోట నుయ్యికి ఇవతల ఉండేదని పిన్ని, కాదు అవతలే అని చిన్న మామయ్య. గాదె మూల గదిలో ఉండేదని ఒకరు, వసారాలో అని ఒకరు. చివరికి తేలిందేమిటంటే ఇద్దరూ నిజమే చెప్పారు. గాదెను మధ్యలో ఒకసారి మార్చారు, పిన్నికి తెలిసిన ఇల్లు వేరు, మామయ్యకు తెలిసిన ఇల్లు వేరు. నేను నాకు తెలిసిన ఇంటినే వేశాను.

ఇక్కడ ఒక చిన్న కిటుకు చెబుతాను. ఇది నాకు ఎంతో ఉపయోగపడింది. మనం నిలబడి చూసినప్పుడు దిగంతరేఖ సరిగ్గా మన కళ్ళ ఎత్తున ఉంటుంది. పెద్దవాళ్ళకు అది అయిదడుగుల దగ్గర. అయిదేళ్ళ పిల్లకు మూడడుగులకు కొంచెం పైన. చిన్నప్పటి ఇంటిని వేసేటప్పుడు మనం తెలియకుండానే ఇప్పటి ఎత్తు నుంచి వేస్తాం. అందుకే అన్నీ సరిగ్గా ఉన్నా ఆ ఇల్లు మనది కాదనిపిస్తుంది. ఆ దిగంతరేఖను మూడడుగులకు దించి చూడండి. రుబ్బురోలు పెద్దదవుతుంది. గడప దాటాలంటే కాలెత్తాల్సినంత ఎత్తుగా లేస్తుంది. అలమారలో పై అరల్లో ఏముందో కనిపించదు, అరల అడుగు చెక్క కనిపిస్తుంది. ఉట్టి మీద పాలకుండ అడుగు మసి కనిపిస్తుంది. అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు కళ్ళ ముందుకు వస్తాయి, మొహం పైకెక్కడో ఉంటుంది, ఆవిడ వంగితే తప్ప దగ్గరకు రాదు. బొమ్మ పూర్తయ్యాక మా పిన్నికి చూపిస్తే ఆవిడ మాట్లాడలేదు. వేలితో గడప మీద రాసి, ఇక్కడే కూర్చుని జడ వేయించుకునేదాన్ని అని ఒక్క మాట అంది.

రంగులు కూడా అలాగే తవ్వి తీయాలి. గోడలు తెల్లగా ఉండేవి అంటాం. తెలుపు కాదు. సున్నంలో కాస్త నీలిమందు కలిపేవారు, ఆ తెలుపులో నీలం జాడ ఉంటుంది. అరుగు అంచున జాజు పట్టీ. వంటింటి గోడ మాత్రం పొగకు తేనె రంగు తిరిగి, పైకి పోయేకొద్దీ నల్లబడి, దూలాల దగ్గర తారు రంగు. ఈ రంగులు ఏ క్యాలెండర్లోనూ దొరకవు.

జ్ఞాపకాలను వేసి లోకాన్ని మెప్పించిన మనిషి ఒకావిడ ఉంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు రైతు కుటుంబపు స్త్రీ, అనా మేరీ రాబర్ట్‌సన్ మోజెస్. 1860లో పుట్టింది. వ్యవసాయం, పిల్లలు, ఇంటి చాకిరీతో జీవితం గడిచింది. డెబ్బై దాటాక కీళ్ళనొప్పులతో సూది పట్టడం కష్టమై, అల్లిక మానేసి కుంచె పట్టింది. చిన్ననాటి పల్లె బతుకును వేసింది. మేపుల్ చెట్ల రసం కాచి పంచదార తీసే రోజు, యాపిల్ గుజ్జు ఉడికించే రోజు, మంచులో బళ్ళు. ఆవిడ బొమ్మల్లో మంచు నిండా ఉంటుంది, ఎందుకంటే ఆవిడ ఊళ్ళో మంచు కురుస్తుంది. 1938లో ఒక మందుల దుకాణం కిటికీలో పెట్టిన ఆ బొమ్మలను అటుగా వెళ్తున్న ఒక కళాభిమాని చూసి కొన్నాడు. 1961లో నూటొకటో ఏట పోయేదాకా ఆవిడ వేస్తూనే ఉంది. మన పల్లెటూళ్ళల్లో చెరుకు గానుగ ఆడించి బెల్లం వండే రాత్రులు గుర్తున్న అవ్వలు ఇంకా ఉన్నారు. వాళ్ళల్లో ఎవరి చేతికైనా ఒక రంగుల డబ్బా ఇచ్చి చూడాలని నాకెంతో ఉంది.

ప్రయాణాల సంగతి చెప్పాలంటే రాజమండ్రితో మొదలుపెట్టాలి. ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు 1909 నుంచి పదేళ్ళు అక్కడి కాలేజీలో పనిచేశారు, ప్రిన్సిపల్ అయ్యారు. ఆయన వృత్తి పాఠాలు చెప్పడం. నీటిరంగుల బొమ్మలు ఇష్టంతో వేసుకునేవారు. ఆ ఇష్టం శిష్యులకు అంటుకుంది. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆ నీడలో ఎదిగినవాళ్ళే. శిష్యుల్ని అజంతాకు తీసుకువెళ్ళి చూపించారు. రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళకు ఒక బడి నిలబెట్టి, 1925లో ఇరవై ఎనిమిదో ఏట మశూచితో పోయారు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసినవాళ్ళే. ఆయన పేర రాజమండ్రిలో చిత్రశాల ఉంది. పుష్కరాలకు వచ్చినవాళ్ళు, పాపికొండలకు వెళ్ళేవాళ్ళు దారిలో ఒక గంట అక్కడ గడపాలని నా కోరిక. ఒక మేష్టారి కాలక్షేపం ఒక ఊరికి ఏం చేసిపెట్టిందో అక్కడ కళ్ళారా చూడవచ్చు.

ప్రయాణానికి నేను పట్టుకెళ్ళేది చిన్న సంచి. చెయ్యంత పుస్తకం, బిళ్ళల రంగులు, రెండు కుంచెలు, నీళ్ళకు ఒక మందు సీసా, పాత బనీను గుడ్డ. రంగులు వెంట తీసుకెళ్ళడం మొదటినుంచీ ఇంత తేలిక కాదు. ఒకప్పుడు తైలవర్ణాలు పంది మూత్రకోశపు సంచుల్లో కట్టి దాచుకునేవారు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. చిత్రకారులు రంగులతో సహా పొలాల గట్ల మీదికి రావడానికి ఆ చిన్న వస్తువు ఎంతో సాయం చేసింది.

ఊరు కాని ఊళ్ళో కూర్చుంటే ముందు నీడలు వెయ్యండి. గుడి ఎక్కడికీ పోదు, నీడ పోతుంది. మొదటి నిమిషాల్లోనే నీడలు ఎటు పడుతున్నాయో పెన్సిల్‌తో కట్టేసి, ఆ తరవాత ఎండ ఎంత తిరిగినా వాటిని మార్చకూడదు. పొద్దున ఒక పక్క, మధ్యాహ్నం ఒక పక్క నీడలు వేస్తే ఆ గోపురానికి ఇద్దరు సూర్యులు వస్తారు. మన ఎండాకాలంలో ఇంకో చిక్కు. వాష్, అంటే పలచటి రంగు పూత, పరుస్తుండగానే ఆరిపోయి చారలు కడుతుంది. కాగితాన్ని రెండు వైపులా తడిపి, పెద్ద కుంచె తీసుకుని, పొద్దున్నే కూర్చోవడం ఒక్కటే మార్గం. వానాకాలంలో ఇందుకు ఎదురు. మొదటి పూత ఆరేసరికి బస్సు వెళ్ళిపోతుంది. అప్పుడు రంగు జోలికి పోకుండా పెన్సిల్‌తోనే సరిపెట్టుకుంటాను.

అరకు వెళ్ళే రైల్లో బొమ్మ వెయ్యడం మరో రకం ఆనందం. సొరంగం వెంట సొరంగం. కిటికీలో లోయ కనిపిస్తుంది, కాగితం మీద రెండు గీతలు పడతాయి, చీకటి. మళ్ళీ వెలుగొచ్చేసరికి ఆ లోయ లేదు, మరో కొండ. అక్కడ నేను బయటి కొండలను పెద్ద పెద్ద ముద్దలుగా మాత్రమే పట్టుకుంటాను. తీరిగ్గా వేసేది పెట్టెలోపలి మనుషులను. ఎదురు సీట్లో జామకాయల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న గిరిజన స్త్రీ, ఆవిడ ముక్కుకు మూడు బేసరులు, బుట్ట అంచు మీద ఆనించిన చెయ్యి. అడిగి వేశాను. వేసింది చూపిస్తే బుట్ట సరిగ్గా రాలేదని, అల్లిక ఎటు తిరుగుతుందో వేలితో చూపించింది. దిద్దుకున్నాను.

లేపాక్షి గురించి చెప్పకుండా ఉండలేను. విజయనగర కాలంలో, పదహారో శతాబ్దంలో కట్టిన వీరభద్రాలయం. మండపం పైకప్పు నిండా చిత్రాలు. శివుడి కల్యాణం, అర్జునుడి తపస్సు అన్నీ ఉన్నాయి. మెడ నొప్పెట్టేదాకా చూసి, నేను నా పుస్తకంలో ఎక్కించుకున్నవి మాత్రం చీర అంచులు. ఎన్ని రకాల చారలు, గళ్ళు, పువ్వులు! మగవాళ్ళ తలల మీద పొడుగాటి కుళ్ళాయిలు, నడుములకు కట్టిన దట్టీలు. ఆ రోజుల్లో జనం ఎలాంటి బట్టలు కట్టారో ఇవాళ పరిశోధకులు ఆ కప్పు చూసి చెబుతున్నారు. ఆ బట్టలు చివికిపోయి నాలుగైదు వందల ఏళ్ళయింది. పేరు తెలియని ఆ చిత్రకారులు దేవుడి పెళ్ళి వేస్తూ, పక్కనే నిలబడ్డవాళ్ళకు తమ బజారులో కనిపించిన చీరలే కట్టారు. అందుకే అవి మిగిలాయి.

వేసినవాటిని దాచుకోవడం గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే అశ్రద్ధ చేస్తారు. బొమ్మ వెనక పెన్సిల్‌తో రాయండి. పెన్సిల్ రాత వెలిసిపోదు, బాల్ పెన్ను సిరా ముందుకు ఊరవచ్చు. మీ సంతకం కంటే ముఖ్యం ఆ వస్తువు ఎవరిది, ఏ ఊరిది, ఎవరి పెళ్ళికి కొన్నది, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అన్నవి. ఫ్రేము కట్టిస్తే బొమ్మకూ అద్దానికీ మధ్య మౌంటు అట్ట తప్పనిసరి. మన కోస్తా తేమలో అద్దం తగిలిన చోట కాగితానికి బూజు పడుతుంది. ఎండ నేరుగా పడే గోడకు తగిలించవద్దు, కొన్ని ఎరుపులు ఇట్టే వెలిసిపోతాయి. రోజూ సాధన చెయ్యడానికి ఏ కాగితమైనా సరే. తిరగలినో, అమ్మమ్మ వంటింటినో వెయ్యదలుచుకున్న రోజున మాత్రం 300 జీఎస్ఎం మంచి నీటిరంగుల కాగితం ఒక్క షీటు కొనండి. చవక కాగితం పాత వార్తాపత్రికలాగా కొన్నేళ్ళకే పసుపు తిరిగి పెళుసవుతుంది. ఆ పాటి ఖర్చుకు ఆ వంటిల్లు తగదా?

వచ్చే నెల మా పెద్దమ్మగారి ఊరు వెళ్తున్నాను. ఆవిడ అటక మీద మా ముత్తవ్వ కంచు గంట, చెయ్యి విరిగిన చెక్క గుర్రం, కళాయి పోయిన గంగాళం ఉన్నాయట. గంగాళాన్ని పాతసామాను కింద ఇచ్చెయ్యాలని మా వదిన తొందర పడుతోంది. నేను వచ్చేదాకా ఆపమని చెప్పాను. పెద్దది కదా, దానికి సగం షీటు చాలదు, పూర్తి షీటే పట్టుకెళ్తున్నాను.